ఇనుములో పరుగు, నురగలో నడక

1808లో జాన్ బాప్తిస్త్ బియో అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త పారిస్ నీటి సరఫరా కోసం వేసిన పోత ఇనుప గొట్టాల దగ్గర ఒక ప్రయోగం చేశాడు. ఒకదానికొకటి బిగించిన ఆ గొట్టాల వరస 951 మీటర్ల పొడవు. ఒక చివర సుత్తితో కొడితే రెండో చివర కాచుకుని ఉన్నవాళ్లకి ఒక్క దెబ్బకి రెండు మోతలు వినిపించాయి. మొదటిది ఇనుము వెంట వచ్చింది, రెండోది గొట్టం లోపలి గాలి వెంట వచ్చింది. రెండింటికీ మధ్య దాదాపు రెండున్నర సెకన్ల ఎడం. గాలిలో కంటే ఇనుములో ధ్వని పదిన్నర రెట్లు వేగంగా పోతుందని బియో తేల్చాడు.

ఈ కొలతలో ఒక చిక్కుంది. గాలిలో 951 మీటర్లు దాటడానికి ధ్వనికి 2.8 సెకన్లు పడుతుంది. అందులోంచి ఆ రెండున్నర సెకన్ల పైచిలుకు తీసేస్తే ఇనుముకి మిగిలేది పావు సెకను. గడియారం పట్టుకున్న చెయ్యి పదో వంతు సెకను తడబడితే చాలు, ఇనుములో వేగం సెకనుకు 3,500 మీటర్ల నుంచి 5,500 మీటర్లు దాటిపోతుంది. దాదాపు సమానమైన రెండు సంఖ్యల తీసివేతతో వచ్చే ఇబ్బంది ఇదే: మిగిలేది చిన్నదవుతుంది, పొరపాటు మాత్రం అంతే ఉంటుంది. పైగా ఆ వరస ఒకే కడ్డీ కాదు. మధ్య మధ్య అతుకులు, అతుకుల్లో సీసపు వాషర్లు. అయినా ఘనపదార్థంలో ధ్వని వేగాన్ని కొలిచిన మొదటి వరస ప్రయత్నాల్లో ఇదొకటి. తప్పు అంకెల్లోనే గాని దిశలో లేదు.

పట్టాల మీద చెవి పెడితే దూరాన ఉన్న రైలు తెలుస్తుందన్న సంగతి మన ఊళ్లలో పుస్తకం తెరవని పిల్లలకీ తెలుసు. (పిల్లలు ఆ పని చేయకూడదు, ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు.) ఇనుములో ధ్వని వేగం ఎక్కువ కాబట్టి రైలు ముందే తెలుస్తుందని దానికి సాధారణంగా చెప్పే కారణం. లెక్క వేసి చూస్తే ఈ కారణం నిలవదు. రైలు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే గాలిలో వచ్చే చప్పుడుకి ఆరు సెకన్లు పడుతుంది, పట్టా వెంట వచ్చేదానికి అర సెకను కూడా పట్టదు. లాభం అయిదున్నర సెకన్లు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలుకైతే ఆ రెండు కిలోమీటర్లకీ డెబ్బై రెండు సెకన్లు పడుతుంది. ఆ ముందు అయిదున్నర సెకన్లు ఏ మూలకి? అసలు లాభం వేరే చోట ఉంది. గాలిలో చప్పుడు నాలుగు దిక్కులా చెదిరిపోయి పలచబడుతుంది. పట్టాలో పడ్డ చప్పుడుకి పక్కకి పోయే దారి లేదు, పట్టా వెంటే సాగి వస్తుంది. ముందు చేరడం కంటే, అసలు చేరడం ముఖ్యం.

ఇప్పుడు బళ్లో అడిగే ప్రశ్న దగ్గరికి వద్దాం. ఘనపదార్థాల్లో ధ్వని ఎందుకు వేగంగా ప్రయాణిస్తుంది? పరీక్ష పేపర్లలో ఎక్కువమంది రాసే జవాబు ఒకటే: వాటి సాంద్రత ఎక్కువ, కణాలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి. మార్కులు కూడా పడతాయి. కాని ఈ జవాబుని నమ్మితే సీసం దగ్గర బోల్తా పడతాం. ఇనుముకంటే సీసం బరువు, దాదాపు ఒకటిన్నర రెట్లు. సన్నని కడ్డీగా తీసుకుంటే ఉక్కులో ధ్వని సెకనుకు 5,000 మీటర్ల పైన పోతే, సీసపు కడ్డీలో 1,200 దగ్గర ఆగిపోతుంది. హీలియం గాలికంటే ఏడు రెట్లు తేలిక. సాంద్రత లెక్కన అందులో ధ్వని ఈడ్చుకుంటూ పోవాలి. అలా పోదు. గాలిలో 343 అయితే హీలియంలో దాదాపు వెయ్యి.

సాంద్రత నిజానికి ధ్వనికి అడ్డంకి. ధ్వని అంటే ఒక తోపు. తిరుమల క్యూలో వెనక ఎవరో ఒక్కసారి ముందుకు ఒరిగితే ఆ ఒరుగు ముందున్న మనిషికి, అతని ముందున్న మనిషికి అందుకుంటూ పోతుంది. ఎవరూ నిలబడ్డ చోటు వదలరు, తోపు మాత్రం గేటుదాకా వెళ్తుంది. అది ఎంత త్వరగా వెళ్తుందన్నది రెండు సంగతుల మీద ఉంటుంది. నెట్టించుకున్నది ఎంత చురుగ్గా కదులుతుంది, కదిలింది పక్కదాన్ని ఎంత గట్టిగా నెడుతుంది. మొదటిది బరువు లెక్క, బరువు పెరిగితే కదలిక మందగిస్తుంది. రెండోది బిగువు, అంటే నొక్కితే లొంగకుండా ఎదురు తిరిగే గుణం. బిగువుని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే ధ్వని వేగం. ఈ అధ్యాయం మొత్తానికీ సూత్రం ఇదొక్కటే.

ఇది చేతిలో ఉంటే పట్టికల్లోని వింతలు విడిపోతాయి. ఉక్కు బిగువు అల్యూమినియానికి మూడు రెట్ల లోపు. బరువు కూడా ఇంచుమించు మూడు రెట్లే. పైనా కిందా మూడు కొట్టేసుకుపోతాయి. అందుకే సన్నని కడ్డీలుగా చూస్తే రెండింటిలోనూ ధ్వని వేగం దాదాపు ఒక్కటే, 5,000 మీటర్ల చిల్లర. పాదరసం నీళ్ల కంటే పదమూడున్నర రెట్లు బరువు. నీళ్లలో వేగం 1,480, పాదరసంలో 1,450. ఎందుకంటే పాదరసాన్ని నొక్కడమూ నీళ్లని నొక్కడం కంటే పదమూడు రెట్లు కష్టం. సీసం బరువెక్కువ, బిగువు తక్కువ, రెండు విధాలా నష్టం. వజ్రం దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. కర్బన పరమాణువులు తేలిక, వాటి మధ్య బంధాలు ప్రకృతిలో అతి బిగువైనవి. అందులో ధ్వని సెకనుకు దాదాపు 18 కిలోమీటర్లు. 2020లో కొందరు శాస్త్రవేత్తలు పరమాణు స్థిరాంకాల నుంచి లెక్క కట్టి, ఘన, ద్రవ పదార్థాల్లో ధ్వని సెకనుకు 36 కిలోమీటర్లు మించి పోలేదని చెప్పారు. వజ్రం ఆ హద్దులో సగం దాకా వచ్చిందన్నమాట.

పట్టికల్లో ఉక్కుకి ఒకచోట 5,100, ఇంకోచోట 5,900 కనిపించి పాఠకులు గందరగోళపడుతుంటారు. రెండూ ఒప్పే. సన్నని కడ్డీని పొడవునా నొక్కితే పక్కలకి కొంచెం ఉబ్బి ఊరట పొందుతుంది. పెద్ద దిమ్మలో ఆ వీలు లేదు, చుట్టూ ఉన్న ఉక్కు ఉబ్బనివ్వదు. కాబట్టి దిమ్మ మరింత బిగువుగా ప్రవర్తిస్తుంది, వేగం పెరుగుతుంది. చెక్కకైతే దిక్కుని బట్టి వేగం మారుతుంది. నారల వెంట పోయే ధ్వనికి, నారలకి అడ్డంగా పోయే ధ్వని కంటే మూడు నాలుగు రెట్ల వేగం ఉంటుంది. ఒకే పనస మొద్దుని తొలిచి వీణ చేసే బొబ్బిలి పనివాళ్లు నార ఎటు పోతోందో చూసుకోవడంలో అర్థం లేకపోలేదు.

సూత్రం ఇంత చిన్నదైనా దాన్ని గాలికి సరిగ్గా అన్వయించడానికి నూట ముప్పై ఏళ్లు పట్టింది. అందులో ఇరుక్కున్నవాడు సామాన్యుడు కాదు, న్యూటన్. 1687లో వచ్చిన ప్రిన్సిపియాలో అతను గాలిలో ధ్వని వేగాన్ని కేవలం లెక్క మీద రాబట్టాడు. ప్రయోగం చేయకుండా, గాలి పీడనం, సాంద్రత తెలిస్తే చాలు, వేగం చెప్పేయవచ్చన్నది అప్పటికి ఊహకందని సంగతి. రెండో ముద్రణలో అతని లెక్క సెకనుకు 979 అడుగులు. ఈలోగా ఎసెక్స్‌లోని అప్‌మిన్‌స్టర్ చర్చి మతాధికారి విలియం డెరామ్ గోపురం ఎక్కి, దూరాన పేల్చిన ఫిరంగుల మెరుపు చూసి, మోత వినేదాకా లోలకం ఊపులు లెక్కపెట్టి 1,142 అడుగులని 1709 నాటికి తేల్చాడు. తేడా ఆరో వంతు. న్యూటన్ ఓడిపోవడానికి ఒప్పుకోలేదు. గాలి కణాలకి కొంత మందం ఉంటుంది, ఆ మందాన్ని ధ్వని క్షణంలో దాటేస్తుంది, ఆపైన గాలిలో ఆవిరి కలిసి ఉంటుంది అంటూ సర్దుబాట్లు చేసి 1,142కి తెచ్చాడు. అంత పెద్దమనిషి రాతల్లో ఇంత పేలవమైన చోటు ఇంకోటి చూపించడం కష్టం.

అసలు లోపాన్ని 1816లో లాప్లాస్ బయటపెట్టాడు. సైకిల్ పంపు కొడితే గొట్టం వేడెక్కుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి మరింతగా ఎదురు తిరుగుతుంది. ధ్వనిలో ఈ నొక్కుడు సెకనుకు వందల సార్లు జరుగుతుంది కాబట్టి పుట్టిన వేడి పక్కకి జారిపోయేంత వ్యవధి ఉండదు. న్యూటన్ గాలి చల్లగానే ఉంటుందనుకుని బిగువుని తక్కువ కట్టాడు. నిజమైన బిగువు దానికి 1.4 రెట్లు. 1.4 వర్గమూలం 1.18. 0 డిగ్రీల దగ్గర న్యూటన్ పద్ధతిలో 280 మీటర్లు వచ్చేది 331 అవుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య మనం లెక్కపెట్టే సెకన్లలో ఈ దిద్దుబాటు దాగి ఉంది.

ఇదే సూత్రం గాలి విషయంలో మరో సంగతి చెబుతుంది. పీడనం పెరిగితే గాలి బిగువూ పెరుగుతుంది, సాంద్రతా అంతే పెరుగుతుంది. ఫలితం సున్నా. వేగాన్ని మార్చేది ఉష్ణోగ్రత. డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు. రామగుండం మే నెల మధ్యాహ్నపు 45 డిగ్రీల్లో 358, విమానం ఎగిరే పదకొండు కిలోమీటర్ల ఎత్తులో, మైనస్ 56 డిగ్రీల్లో, 295.

నీళ్లలో ధ్వని వేగాన్ని పెద్ద ఎత్తున కొలిచింది 1826లో, జెనీవా సరస్సులో. జాన్ డేనియల్ కొలడాన్, గణితవేత్త చార్లెస్ స్టర్మ్ ఇద్దరూ కలిసి రాత్రిపూట రెండు పడవలు వేసుకున్నారు. ఒక పడవకి నీళ్లలో గంట వేలాడదీశారు. గంటని కొట్టే మీటే పైన తుపాకీ మందుని అంటించేది. 13,487 మీటర్ల దూరాన రెండో పడవలో మనిషి మెరుపు కనబడగానే గడియారం నొక్కి, పొడవాటి రేకు బూర ఒక కొసని నీళ్లలో ముంచి, రెండో కొసకి చెవి ఆనించి కూర్చున్నాడు. 9.4 సెకన్లకి గంట వినపడింది. సెకనుకు 1,435 మీటర్లు. ఎనిమిది డిగ్రీల నీళ్లకి నేటి పరికరాలిచ్చే విలువకి అది అయిదు మీటర్ల లోపు తేడా. రేకు బూరతో ఇంత సాధించారు.

నీళ్లలో 1,480, గాలిలో 343. మరి నీళ్లలో గాలి కలిపితే? రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుందనిపిస్తుంది. ఈ ప్రశ్నకి జవాబు వంటింట్లో వినవచ్చు. పొడవాటి గాజు గ్లాసులో నీళ్లు పోసి, చెంచాతో అడుగున టకటకమని కొడుతూ ఉండండి. స్వరం చెవికి పట్టాక ఒక ఈనో పొట్లం నీళ్లలో పోసి, కొట్టడం ఆపకండి. నురగ లేస్తుండగానే స్వరం దబ్బున కిందికి పడిపోతుంది, గణగణ పోయి బొద్దుగా మొద్దుబారిన మోత మిగులుతుంది. బుడగలు ఒక్కొక్కటే పైకి తేలి పగిలేకొద్దీ స్వరం మెట్లెక్కినట్టు మళ్లీ పైకి వస్తుంది. వేడినీళ్లలో ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసి కలిపినా ఇదే జరుగుతుంది. బర్కిలీ భౌతికశాస్త్రవేత్త ఫ్రాంక్ క్రాఫర్డ్ 1982లో దీన్ని పరిశీలించి వ్యాసం రాశాడు. గ్లాసు ఎత్తు మారలేదు, స్వరం మారింది. మారింది గ్లాసులోని నీళ్లలో ధ్వని వేగం.

లెక్క మరీ ఆశ్చర్యంగా ఉంటుంది. నీళ్ల పరిమాణంలో నూటికి ఒక వంతు గాలి బుడగలుంటే వేగం 1,480 నుంచి 120 మీటర్ల చుట్టుపక్కలకి పడిపోతుంది. గాలిలో వేగానికి అది మూడో వంతు. సగం నీళ్లు, సగం గాలి అయితే 24 మీటర్లు. గంటకు 86 కిలోమీటర్లు, హైవే మీద బస్సు ఆ ధ్వనిని దాటి పోగలదు. ఎందుకంటే ఈ మిశ్రమం రెండు తల్లుల దగ్గరా చెడ్డ గుణాలే తీసుకుంది. బరువు నీళ్లది, నొక్కితే లొంగే గుణం గాలిది. పైన చిన్న సంఖ్య, కింద పెద్ద సంఖ్య. సాంద్రత పెరిగితే వేగం పెరుగుతుందన్న నమ్మకాన్ని ఒక ఈనో పొట్లం ఇంత చవకగా వదిలిస్తుంది.

సముద్రంలో ఈ తేడాలు చిన్నవే, కాని పర్యవసానాలు పెద్దవి. ఉప్పునీళ్లలో వేగం 1,500 చుట్టూ ఆడుతుంది. వేడి పెరిగితే పెరుగుతుంది, లోతు పెరిగితే పీడనం వల్ల వంద మీటర్లకు 1.7 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ధ్వని ఎప్పుడూ వేగం తక్కువైన నీళ్ల వైపు వంగుతుంది. 1937లో క్యూబాలోని గ్వాంటనామో దగ్గర అమెరికా నౌకాదళం సోనార్ పొద్దున్న బాగా పనిచేసి మధ్యాహ్నానికి చచ్చుబడిపోయేది. ఉడ్స్ హోల్ సంస్థకి చెందిన కొలంబస్ ఇసెలిన్ కారణం పట్టుకున్నాడు. ఎండకి పైనున్న కొద్ది మీటర్ల నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే చాలు, సోనార్ ధ్వని కిందికి వంగిపోయి, జలాంతర్గామి దాక్కోగల నీడ ఏర్పడుతుంది. విశాఖలో టార్పిడోల మీద పనిచేసే నౌకాదళ పరిశోధనశాలకీ ఇది రోజువారీ సమస్యే. పైనుంచి కిందికి వెళ్తూ ఉంటే మొదట చలి వల్ల వేగం తగ్గుతుంది, ఆపైన పీడనం వల్ల పెరుగుతుంది. మధ్యలో వేగం అతి తక్కువగా ఉండే పొర ఒకటి ఉంటుంది. బంగాళాఖాతంలో అది కిలోమీటరున్నర దాటిన లోతులో ఉంటుంది. అందులో పడ్డ ధ్వని పైకీ కిందికీ తప్పించుకోలేక వేల కిలోమీటర్లు సాగిపోతుంది. 1991లో దక్షిణ హిందూ మహాసముద్రంలోని హర్డ్ దీవి దగ్గర నీళ్లలో మోగించిన సంకేతాన్ని అమెరికా రెండు తీరాల్లోనూ విన్నారు.

భూమి లోపల ఏముందో తెలిసింది కూడా ఈ దారినే. ఇందులో మన దేశానికి గట్టి పాలుంది. 1897 జూన్ 12న అస్సాం, షిల్లాంగ్ ప్రాంతాన్ని ఊపేసిన భూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణకి చెందిన రిచర్డ్ డిక్సన్ ఓల్డమ్ పరిశీలించాడు. యూరప్‌లోని భూకంపలేఖినుల గీతల్లో మూడు రకాల తరంగాలు వేర్వేరు సమయాల్లో చేరినట్టు గమనించాడు. మొదట వచ్చేవి నొక్కుడు తరంగాలు, రాతిలో ధ్వని అంటే అవే. వెనకగా వచ్చేవి రాతిని అడ్డంగా ఊపే తరంగాలు. మూడోవి భూమి పైపొర వెంట పాకేవి. 1906లో అదే ఓల్డమ్, భూగోళం ఆవలి వైపుకి తరంగాలు ఆలస్యంగా చేరుతున్నాయి కాబట్టి లోపల వేగం తక్కువైన గర్భం ఒకటి ఉండాలన్నాడు.

ఆ గర్భం అంచు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. 2,900 కిలోమీటర్ల లోతు దాకా రాతిలో నొక్కుడు తరంగం వేగం పెరుగుతూ పోయి సెకనుకు 13.7 కిలోమీటర్లకి చేరుతుంది. ఆ గీత దాటగానే 8కి పడిపోతుంది. సాంద్రత మాత్రం అక్కడే ఘనపు సెంటీమీటరుకు 5.6 గ్రాముల నుంచి 9.9కి ఎగబాకుతుంది. బరువు ఒక్కసారిగా పెరిగింది, వేగం కుప్పకూలింది. ఊపుడు తరంగాలు ఆ గీత దాటి అసలే పోవు. ద్రవాన్ని పక్కకి లాగితే తిరిగి లాగదు, ఆ బిగువు దానికి లేదు. అది కరిగిన ఇనుమని 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ వాదించి నిలబెట్టాడు. పదేళ్లకి డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్, ఏ తరంగమూ రాకూడని చోట బలహీనంగా కనిపిస్తున్న గీతలని కొట్టిపారేయకుండా పట్టుకుని, ఆ ద్రవం నడుమ ఇంకో గోళం ఉందని చూపింది. అక్కడికి తవ్వుకుంటూ వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. తరంగం ఎంతసేపట్లో వచ్చిందన్నదే ఆధారం.

ఆసుపత్రి స్కానింగూ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ వేగం కొలవరు, ముందే అనుకుంటారు. యంత్రం ఒంట్లోని మెత్తటి కణజాలమంతటా ధ్వని సెకనుకు 1,540 మీటర్లు పోతుందని నమ్మి, ప్రతిధ్వని తిరిగొచ్చిన కాలాన్ని లోతుగా మార్చేస్తుంది. పది సెంటీమీటర్ల లోతు నుంచి తిరిగి రావడానికి 130 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షో వంతులు 130 పడతాయి. కొవ్వులో వేగం 1,450 మాత్రమే. పొట్ట మీద మూడు సెంటీమీటర్ల కొవ్వు ఉంటే దాని కిందున్న అవయవం రెండు మిల్లీమీటర్లు లోతుగా కనిపిస్తుంది. యంత్రానికి కొవ్వు అని తెలియదు.

వేగాన్నే నేరుగా కొలిచే పని మీ అపార్ట్‌మెంటు పిల్లరు దగ్గర జరుగుతుంది. కాంక్రీటు పోసేటప్పుడు వైబ్రేటర్ సరిగా పెట్టకపోతే లోపల ఖాళీలు మిగిలిపోతాయి, సైట్లో దాన్ని హనీకోంబ్ అంటారు. పైన ప్లాస్టరింగ్ చేశాక కంటికి ఏమీ కనబడదు. అప్పుడు ఇంజనీరు పిల్లరుకి రెండు వైపులా గ్రీజు పూసి, చెవికి వినపడని ధ్వని పంపే ముక్క ఒకటి, అందుకునే ముక్క ఒకటి ఎదురెదురుగా ఆనిస్తాడు. ముప్పై సెంటీమీటర్ల పిల్లరు దాటడానికి 67 మైక్రోసెకన్లు పడితే వేగం 4.5 కిలోమీటర్లు. 2018 దాకా అమల్లో ఉన్న, 1992 నాటి ఐఎస్ 13311 ప్రమాణం ప్రకారం అంతకు మించితే శ్రేష్ఠం, 3.5 దాటితే మంచిది, 3కి పైన ఉంటే మధ్యరకం, 3 కంటే తక్కువయితే అనుమానించాల్సిందే. లోపల పగులుంటే ధ్వని దాన్ని చుట్టి రావాలి, కాలం పెరుగుతుంది.

మీటరు చూపించిన అంకె నమ్మే ముందు ఇంజనీరు రెండు సంగతులు చూసుకోవాలి. కాంక్రీటు తడిగా ఉంటే రంధ్రాల్లో గాలికి బదులు నీళ్లుంటాయి, వేగం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. రెండోది కమ్మి. ధ్వని దారిలో ఉక్కు కమ్మి పొడవునా పడితే, కాంక్రీటు పుచ్చిపోయినా ధ్వని కమ్మి వెంట దూసుకొచ్చి ముందే చేరిపోతుంది, మీటరు శ్రేష్ఠం అంటుంది. అందుకని కవర్ మీటరుతో కమ్మి ఎక్కడుందో ముందు వెతికి, సుద్దముక్కతో గీత గీసుకుని, దాన్ని తప్పించి ముక్కలు ఆనించాలి.